మాయా లిపి

మాయా లిపి స్పానిష్ ఆక్రమణకు పూర్వం మధ్య అమెరికాలో మాయా ప్రజలు వాడిన లిపి. నేటి దక్షిణ మెక్సికో, గ్వాటెమాలా, బెలీజ్ దేశాలలోను, హోండురాస్ పశ్చిమ భాగంలోను ఈ లిపిలో వ్రాసిన శాసనాలు దొరికాయి. గ్వాటెమాలాలోని సాన్ బార్తోలో వద్ద బయల్పడిన క్రీ.పూ. 300 ప్రాంతపు వ్రాత వీటిలో అతి ప్రాచీనమైన వాటిలో ఒకటి. శాసనాలలో అధిక భాగం క్రీ.శ. 250 - 900 సంవత్సరాల మధ్య చెక్కబడినవే. పేరులోని 'మాయా' శబ్దానికి సంస్కృతంలోని మాయతో గాని, పురాణాలలోని మయునితో గాని ఏ సంబంధమూ లేదు.

గ్రంథ దహనం

మాయా లేఖకులు అత్తి జాతి చెట్టు బెరడుతో చేసిన కాగితంపై సున్నపు పూత పూసి, దానిపై రంగులతో వ్రాసి, మడతలుగా మడిచి పుస్తకాలు తయారుచేసేవారు. 1562 జూలై 12న యుకతాన్‌లోని మానీ పట్టణంలో దియేగో దె లాందా అనే ఫ్రాన్సిస్కన్ సన్యాసి ఇటువంటి గ్రంథాలను అనేకం తగులబెట్టించాడు. అవి దయ్యపు వ్రాతలని అతని అభిప్రాయం. తేమ, వాతావరణం మరికొన్నిటిని తినివేయగా నేడు మిగిలినవి నాలుగే. వాటిలో మూడు డ్రెస్డెన్, మాడ్రిడ్, పారిస్ నగరాల పేర్లతో ప్రసిద్ధమైనవి. నాలుగవది మెక్సికోలో ఉన్నది. అది అసలైనదే అని 2018లో ఆ దేశపు పురావస్తు సంస్థ నిర్ధారించింది.

విచిత్రమేమంటే, లిపిని తిరిగి చదవటానికి ఆధారమైనది కూడా ఆ లాందాయే. 1566 ప్రాంతంలో అతను యుకతాన్ గురించి వ్రాసిన గ్రంథంలో ఒక 'మాయా అక్షరమాల' ఉన్నది. దాని ప్రతి ఒకటి 1862లో మాడ్రిడ్‌లో బయటపడింది.

లాందా పొరపాటు

లాందా స్పానిష్ అక్షరాల పేర్లు ఒక్కొక్కటే పలుకుతూ, వాటిని మాయా లిపిలో వ్రాయమని ఒక లేఖకుని అడిగాడు. 'బే' అనగా ఆ లేఖకుడు 'బే' అనే ధ్వనికి గల గుర్తును వ్రాశాడు. లాందా దానిని 'బ్' అనే హల్లుగా నమోదు చేసుకున్నాడు. గుణింతం నేర్చిన తెలుగు విద్యార్థికి ఇందులోని తేడా వెంటనే అర్థమౌతుంది. మాయా లేఖకులకు విడి హల్లు అనే భావన లేదు. హల్లు, అచ్చు కలిసిన అక్షరమే వారి ప్రమాణం. చివరకు ఏదైనా ఒక వాక్యం వ్రాయమంటే, విసిగిపోయిన ఆ లేఖకుడు 'మా ఇన్ కాతి' అని వ్రాశాడు. 'నాకిష్టం లేదు' అని దాని అర్థం. లాందా దానిని కూడా భద్రంగా పొందుపరచాడు!

ఆ పట్టికను వర్ణమాలగా భావించి పందొమ్మిదవ శతాబ్దంలో పలువురు పండితులు శాసనాలను చదవబోయి విఫలులయ్యారు. అంకెలు మాత్రం ముందే తెలిశాయి. చుక్క ఒకటి, గీత ఐదు, గుల్ల వంటి గుర్తు సున్న. లెక్క ఇరవైల పద్ధతిలో సాగుతుంది.

క్నోరొజోవ్ పరిష్కారం

1952లో లెనిన్‌గ్రాడ్‌కు చెందిన యూరి క్నోరొజోవ్ (1922 - 1999) అది అక్షరమాల కాదని, గుణింతాక్షరాల పట్టిక అని ప్రతిపాదించాడు. ఆయన పద్ధతి సులభమైనది. గ్రంథంలో సీమకోడి బొమ్మపై రెండు గుర్తులున్నాయి. మొదటిది లాందా పట్టికలోని 'కు'. యుకతాన్ మాయా భాషలో సీమకోడిని 'కుత్స్' అంటారు గనుక రెండవది 'త్సు' కావాలి ('చుక్క'లోని దంత్య చకారానికి ఇది దగ్గరి ధ్వని). ఇక కుక్క బొమ్మపై అదే 'త్సు' మొదట వచ్చి, దాని తరువాత లాందా పట్టికలోని 'లు' ఉన్నది. కుక్కకు ఆ భాషలో ఒక పేరు 'త్సుల్'. రెండూ సరిపోయాయి. మనకు ఉన్నటువంటి పొల్లు గుర్తు వారికి లేదు. అందుచేత హలంతమైన పదం చివర ఒక అచ్చును అదనంగా వ్రాసి, పలకకుండా వదిలేవారు. సాధారణంగా అది ముందున్న అచ్చే అయి ఉంటుంది.

లిపి మొత్తం గుణింతాక్షరాలు కాదు. పూర్తి పదాన్ని సూచించే గుర్తులు కూడా ఉన్నాయి. జాగ్వార్ మృగానికి 'బాలమ్' అని పేరు. దానిని ఆ మృగం తల బొమ్మతో వ్రాయవచ్చు, లేదా బా-లా-మా అని మూడక్షరాలతో వ్రాయవచ్చు, లేదా తల బొమ్మకు ఒక అక్షరం తోడు చేర్చవచ్చు. గుర్తుల సంఖ్య వందలలో ఉండటానికి కారణం ఇదే.

ఆ కాలంలో ఈ రంగంలో తిరుగులేని పండితుడైన ఎరిక్ థాంప్సన్ ఈ సిద్ధాంతాన్ని 1975లో మరణించే వరకు అంగీకరించలేదు. ప్రచ్ఛన్న యుద్ధ కాలపు రాజకీయాలు కూడా ఇందుకు తోడ్పడ్డాయి. ఆయన పాండిత్యం గొప్పదే గాని, ఆయన మాటకు భయపడి ఇతరులు మౌనం వహించటం వల్ల పరిశోధన చాలా కాలం కుంటుపడింది.

శాసనాలలో ఏమున్నది

శాసనాలు కేవలం కాలగణన, జ్యోతిష విషయాలని థాంప్సన్ వాదించేవాడు. 1960లో తతియానా ప్రొస్కురియకోవ్ పియెద్రాస్ నెగ్రాస్ శిలాశాసనాలలోని తేదీలను పరిశీలించి, ఒక్కొక్క శాసన వరుస ఒక మనిషి ఆయుర్దాయాన్ని మించటం లేదని గమనించింది. అంటే అవి రాజుల జననం, పట్టాభిషేకం వంటి ఘట్టాలన్న మాట. ఈ విషయాన్ని థాంప్సన్ కూడా ఒప్పుకొన్నాడు. 1973లో పలెంకే వద్ద జరిగిన సమావేశంలో లిండా షీలే, పీటర్ మాథ్యూస్, ఫ్లాయిడ్ లౌన్స్‌బరీ ఆ నగర రాజవంశ క్రమాన్ని చాలావరకు పునర్నిర్మించారు. 615 నుండి 683 వరకు పాలించిన పకాల్ చరిత్ర ఇలా వెలుగులోకి వచ్చినదే. నేడు గ్వాటెమాలా, మెక్సికోలలోని మాయా యువకులు కొందరు ఈ లిపిని నేర్చుకొని తమ భాషలలో కొత్త శాసనాలు చెక్కుతున్నారు.