పుట్టిన తేదీ – వాలీబాల్ ఆటగాని ఎంపిక

ఒకే సంవత్సరంలో పుట్టిన ఇద్దరు బాలురను తీసుకొందాము. ఒకడు జనవరి 2వ తేదీన పుట్టినాడు. మరొకడు డిసెంబరు 30వ తేదీన. కాగితం మీద ఇద్దరిదీ ఒకే ఈడు. జట్టుకు ఎంపిక జరిగేనాడు మైదానంలో ఇద్దరూ ఒకే వరుసలో నిలబడతారు. కాని మొదటివాడు రెండవవాని కంటె దాదాపు పన్నెండు మాసాలు పెద్దవాడు. నడివయసువారిలో ఏడాది తేడా లెక్కలోనికి రాదు. పదేండ్ల పిల్లవానికి మాత్రం ఏడాది అంటే అతని ఆయుస్సులో పదవవంతు. ఆ వ్యవధిలో ఎముక సాగుతుంది, కండ బలపడుతుంది, బంతి ఎక్కడ పడబోతున్నదో కనిపెట్టగల చూపు కుదురుతుంది. అట్టి సమయంలో ఎంపిక చేయువారి కంటికి ఆనుతున్నది ప్రతిభయా, లేక ముందుగా వచ్చిన పెరుగుదలయా అన్నది విచారింపదగిన ప్రశ్న.

ఈ ప్రశ్న క్రీడాశాస్త్రంలో ప్రముఖంగా చర్చకు వచ్చినది కెనడా దేశంలో. 1980 తరువాతి తొలి సంవత్సరాలలో రోజర్ బార్న్‌స్లీ అనే మనస్తత్వ శాస్త్రజ్ఞుడు భార్యతో కలిసి లెత్‌బ్రిడ్జ్ నగరంలో యువకుల ఐస్ హాకీ పోటీ చూడబోయినాడు. ఆటగాళ్ల వివరాలు అచ్చువేసిన చిన్న పుస్తకాన్ని తిరగవేస్తున్న ఆమెకు, వారి పుట్టినరోజులలో జనవరి, ఫిబ్రవరి, మార్చి మాసాలే అధికంగా కనబడినవి. అక్కడి హాకీలో ఈడు లెక్కకట్టే తేదీ జనవరి 1. ఆ పరిశీలన ఫలితాలను 1985లో ప్రకటించినారు. అంతకు ఏడాది ముందే, 1984లో, క్విబెక్ పరిశోధకులు కొందరు హాకీతో పాటు వాలీబాల్‌ను కూడా తీసుకొని, పుట్టిన త్రైమాసికానికీ ఆటలో పాల్గొనుటకూ గల సంబంధాన్ని గూర్చి వ్రాసినారు. దీనిని సాపేక్ష వయః ప్రభావం అనవచ్చును.

జనవరి మాసానికి ఏదైనా గ్రహబలం ఉన్నదేమోనని ఎవరికైనా అనుమానం కలుగవచ్చు. దానికి సమాధానం ఫుట్‌బాల్ ఆటలో దొరికినది. 1997 వరకు అంతర్జాతీయ యువజన ఫుట్‌బాల్‌లో ఈడు లెక్కకట్టే తేదీ ఆగస్టు 1గా ఉండేది. ఆ సంవత్సరం దానిని జనవరి 1కి మార్చినారు. బెల్జియం దేశపు బాలుర జట్లను ఈ మార్పుకు ముందు, తరువాత పోల్చి చూచినప్పుడు, ఆగస్టు నుండి పుట్టినవారికి ఉండిన ఆధిక్యం తగ్గి, జనవరి నుండి పుట్టినవారికి సంక్రమించినట్లు తేలినది. ఆకాశంలో నక్షత్రాలు స్థానం మారలేదు. కాగితం మీద తేదీ మారినది. మొగ్గు కూడా దానితోనే మారినది.

ఇక వాలీబాల్ సంగతి. విలియం మోర్గాన్ 1895లో అమెరికాలోని హోలియోక్ పట్టణంలో ఈ ఆటను రూపొందించినప్పుడు, బాస్కెట్‌బాల్ శ్రమకు ఓర్వలేని నడివయసు వ్యాపారులకు తేలికగా ఉండవలెనన్నదే అతని ఉద్దేశం. నేటి ఆట వేరు. పురుషులకు నెట్ ఎత్తు 2.43 మీటర్లు, స్త్రీలకు 2.24 మీటర్లు. ఆ నెట్ పైన ఎవరి చేయి ఎంత ఎత్తుకు అందుతుందన్నదే ముఖ్యం. కనుక ఎంపిక చేయువాడు మొదట చూసేది పొడవును. బాలురలో ఎదుగుదల ముమ్మరంగా సాగేది ఇంచుమించు 14వ ఏట; ఆ ఒక్క సంవత్సరంలో 8 నుండి 10 సెంటీమీటర్ల వరకు పెరిగేవారు ఉంటారు. బాలికలలో అది 12వ ఏటి ప్రాంతంలోనే వస్తుంది. అయితే ఒకే ఈడు పిల్లలలో కూడా కొందరికి ఈ పెరుగుదల ముందుగా, కొందరికి వెనుకగా వస్తుంది. పుట్టిన నెల ఒకటి, శరీరం పరిపక్వమయ్యే వేగం ఒకటి. ఈ రెండూ వేరు వేరు విషయాలు. రెండూ ఒకనికే అనుకూలించినప్పుడు అతడు తోటివారిలో తాటిచెట్టువలె కనిపిస్తాడు. రెండూ ప్రతికూలించినవాడు వరుస చివర ఉండిపోతాడు. మూడు నాలుగేండ్ల తరువాత వీరిలో ఎవరు పొడవరి అవుతారో ఆనాటి కొలత చెప్పజాలదు.

మొదటి తేడా చిన్నది. దానిని పెద్దది చేసేది ఎంపికయే. ఎంపికైనవానికి మంచి శిక్షకుడు దొరుకుతాడు, పోటీలు దొరుకుతవి, పైవారి దృష్టి దొరుకుతుంది. నేను ఆటగాడను అన్న నమ్మకం ఏర్పడుతుంది. కానివాడు ఒకటి రెండు మారులు ప్రయత్నించి, ఈ ఆట మనకు రాదనుకొని వదలివేస్తాడు. నాలుగేండ్లు గడచిన తరువాత చూస్తే ఇద్దరి మధ్య నిజంగానే తేడా ఉంటుంది. అప్పుడు మా ఎంపిక సరియైనదేనని పెద్దలు తృప్తిపడతారు. ఆ తేడాను సృష్టించినది తమ నిర్ణయమేనన్నది వారికి తోచదు.

అంతర్జాతీయ పోటీల కాలక్రమం కూడా ఇటువంటి పని చేస్తుంది. 19 ఏండ్ల లోపు బాలుర ప్రపంచ వాలీబాల్ పోటీలు రెండేండ్లకు ఒకసారి జరుగుతూ వచ్చినవి. 2023 పోటీలకు 2005 జనవరి 1న గాని తరువాత గాని పుట్టినవారు అర్హులు. 2025 పోటీలకు 2007 నుండి పుట్టినవారు. అంటే 2006లో పుట్టిన బాలుడు మొదటి పోటీలో తన కంటె పెద్దవారితో తలపడవలెను. రెండవ పోటీ నాటికి అతని అర్హత దాటిపోయినది. ఆ తరగతిలో అందరికంటె పెద్దవాడుగా ఆడే అవకాశం అతనికి రానే రాలేదు. ఇక్కడ నెల మాత్రమే కాదు, సంవత్సరం కూడా అడ్డు వచ్చినది.

ఇది అందరి విషయంలోనూ ఒకే తీరుగా పనిచేసే నియమం కాదు. బాలికల జట్లలో ఈ ప్రభావం సాధారణంగా తక్కువ. వయోజనుల జట్లలో కూడా బాల్యంలో కనిపించినంతగా కనిపించదు. పైగా కెనడా హాకీ ఆటగాళ్లను గూర్చి 2012లో వెలువడిన పరిశీలన ప్రకారం, అత్యున్నత శ్రేణికి చేరినవారిలో జనవరి పుట్టుకవారి ఆధిక్యం మాయమై, మొగ్గు కొంత తిరగబడినది. చిన్నప్పుడు తన కంటె బలవంతులతో ఆడి నెగ్గుకొని వచ్చినవాడు నేర్పును, నిబ్బరాన్ని సంపాదించి ఉంటాడని దీనికి ఒక వివరణ. ఇది సంతోషకరమైన మాటయే. కాని ఈ లెక్కలో చేరినవారు నిలద్రొక్కుకొన్నవారు మాత్రమే. పన్నెండవ ఏట ఇంటికి తిరిగిపోయినవారి పేర్లు ఏ జాబితాలోనూ ఉండవు.

మరి ఉపాయమేమిటి? ఎంపికదారునికి పుట్టిన తేదీల పట్టిక ఇస్తే చాలునా? 2017లో ప్రకటించిన ఒక ప్రయోగంలో, ఫుట్‌బాల్ ఎంపికదారులకు తేదీలు చెప్పినప్పటికీ వారి మొగ్గు పోలేదు. ఆటగాళ్ల చొక్కాలపై ఈడును అనుసరించి వరుస అంకెలు వేసినప్పుడు మాత్రం పోయినది. ఆట చూస్తున్న క్షణంలోనే ఇతడు చిన్నవాడు అన్న సంగతి కంటికి తగలవలెనన్నమాట. కొన్ని దేశాలలో పిల్లలను అప్పుడప్పుడు ఈడును బట్టి గాక శరీర పరిపక్వతను బట్టి జట్లుగా చేసి ఆడిస్తున్నారు. వాలీబాల్ శిక్షకుడు పాటింపదగిన నియమం మరొకటి ఉన్నది. ముందుగా పొడవైన బాలుని నెట్ దగ్గరనే నిలబెట్టక, బంతి అందుకొనుట, అందించుట కూడా నేర్పవలెను. పొట్టివానికి నెట్ దగ్గర పని కూడా నేర్పవలెను. రేపు వారి పొడవులు తారుమారు కావచ్చును. అంతేకాక, 1998లో లిబెరో స్థానం ఏర్పడిన తరువాత, వెనుక వరుసలో బంతిని కాపాడే నేర్పరికి పొడవుతో పని లేకుండానే జట్టులో చోటు దొరికినది.

మన ప్రాంతాలలో మరొక చిక్కు ఉన్నది. బడిలో చేర్చుకొనే వీలును బట్టి జూన్‌లోనో, జూలైలోనో ఒక తేదీని రిజిస్టరులో వ్రాయించిన కుటుంబాలు ఎన్నో ఉన్నవి. అటువంటిచోట కాగితంపై ఉన్న ఈడును పూర్తిగా నమ్ముటకు లేదు. కనుక బాలుడు ఈనాడు ఎంత ఎత్తున్నాడు అన్నదానితో పాటు, నిరుటి కంటె ఎంత పెరిగినాడు, తల్లిదండ్రుల పొడవెంత, నేర్పినదానిని ఎంత త్వరగా పట్టుకొంటున్నాడు అన్నవి కూడా ఉపాధ్యాయులు గమనింపవలెను. ఒకనాటి ఎంపికతో తలుపు మూసివేయక, ఏటేటా మరల చూడవలెను.

తల్లిదండ్రులు కూడా ఒక సంగతి గుర్తుంచుకొనుట మంచిది. జట్టులో పేరు రాలేదని పిల్లవాడు చిన్నబోయి ఇంటికి వచ్చినప్పుడు, అతనికి ఆట రాదని తీర్మానింపవద్దు. అతడు తన తరగతిలో ఏ నెలవాడో లెక్క చూడండి. మరి రెండేండ్లు సాయంకాలపు ఆట మానకుండా చూడండి. అతని శరీరం ఇంకా ఎదగవలసి ఉన్నదేమో. ఆ ఎదుగుదల వచ్చేనాటికి అతడు మైదానంలోనే ఉండవలెను.