సైనికుల దుస్తులు: రంగు, ఉన్ని, జేబులు

పూర్వము యుద్ధరంగమున సైనికుడు స్పష్టముగా కనబడుట లోపముగా ఎంచబడలేదు. పాతకాలపు తుపాకిమందు కాలినకొలది రణభూమి పొగతో నిండిపోయెడిది. ఆ పొగలో తనవారెవరో పరులెవరో సేనాని గుర్తించుటకు ఎర్రకోట్లు, మెరిసెడి ఇత్తడి గుండీలు ఉపకరించినవి. 1884లో ఫ్రెంచి రసాయనజ్ఞుడు పాల్ వియే పొగలేని తుపాకిమందును కనుగొనెను. పొగ తొలగినది, ఎర్రకోటు శత్రువునకు గురియైనది.

1846లో పెషావరులో ఏర్పడిన గైడ్స్ దళము అంతకుముందే దుమ్మురంగు బట్టలకు మారినది. 'ఖాకీ' అను మాటకు అర్థమే దుమ్మురంగు. 1902 నాటికి బ్రిటిషు సైన్యము స్వదేశమున కూడ ఖాకీని స్వీకరించినది. ఫ్రాన్సు మాత్రము 1914లో ఎర్రలాగులతోనే యుద్ధమునకు దిగి, ఎందరినో పోగొట్టుకొని, 1915లో లేతనీలమునకు మారినది. ఆ ఎరుపునకు మూలము ఎలిజరిన్ అను పదార్థము. మన మచిలీపట్నపు అద్దకములలో వాడిన చిరివేరులోను ఇదియే ఉన్నది. 1868లో గ్రేబే, లీబర్మన్ అను జర్మను శాస్త్రజ్ఞులు దీనిని కృత్రిమముగా తయారుచేయగా, ఫ్రాన్సులో ఈ రంగునిచ్చు మొక్కల సాగు క్షీణించి, తుదకు సైనికుల లాగుల రంగుకై జర్మనీపైననే ఆధారపడవలసి వచ్చినది!

మొదటి ప్రపంచయుద్ధము ముగియునప్పటికి రంగు సమస్య చాలవరకు తీరినది. తీరనిది కుట్టు. 1918 నాటి బ్రిటిషు సైనికుని కోటు తొడల వరకు వ్రేలాడెడిది. కాళ్లకు పొడవైన బట్టపట్టీలు చుట్టుకొనవలసి వచ్చెడిది. ఇంగ్లీషువారి 'పటీ' మన దేశపు పట్టీయే. కవాతునకు ఈ వేషము ఇంపుగనే యుండెను. కాని సైనికుడు లారీలో ప్రయాణించవలసిన కాలము వచ్చినది. టాంకు ఇరుకు ద్వారమున దూరునప్పుడు కోటు అంచులు, పైకి తేలిన గుండీలు తగులుకొనక మానవు.

1930 తరువాతి ప్రయోగముల ఫలితముగా రెండవ ప్రపంచయుద్ధారంభమునకు 'బాటిల్ డ్రెస్' వచ్చినది. కోటు నడుము వద్దనే ఆగినది. గుండీలు బట్టమడత చాటునకు పోయినవి. ఎడమతొడపై పటములు పెట్టుకొనుటకు పెద్దజేబు, ముందువైపు గాయపు కట్టునకు చిన్నజేబు అమర్చిరి. గాయపడినవాడు కట్టును వెదకుకొను పని లేకుండ చేసిన ఈ చిన్నజేబు, చూపునకు అల్పమైనను, గొప్ప ఆలోచనయే.

బట్ట ఉన్నితో నేసిన సెర్జి. ఉన్నిపోగు సహజముగా వంకరలు తిరిగియుండును. ఆ వంకరల నడుమ చిక్కుకొన్న గాలి ఉష్ణమును సులభముగా బయటకు పోనీయదు. తన బరువులో ఇంచుమించు మూడవవంతు తేమను పీల్చుకొనియు ఉన్ని తడిగా తోచదు. నూలువలె త్వరగా అంటుకొనదు. టాంకు సైనికునికి ఈ చివరి గుణము ప్రాణావసరము.

ఇటలీ 1929లో, జర్మనీ 1931లో మరియొక మార్గము త్రొక్కి, గుడారపు బట్టపై పలురంగుల మచ్చలను అచ్చువేయించినవి. కన్ను వస్తువును ముఖ్యముగా అంచులనుబట్టి గుర్తించును. మచ్చలు ఆ అంచులను చెదరగొట్టగా, ఎదుటనున్న మనిషి కూడ మనిషివలె తోచడు.

బాటిల్ డ్రెస్ లోపరహితము కాదు. వంగినప్పుడు పొట్టికోటు పైకి జరిగి వీపు బయటపడెడిది. 1942లో పొదుపుకొరకు జేబుల కుచ్చులు తీసివేసి, చాటున దాచిన గుండీలను మరల బయటపెట్టిరి. వేడిదేశములకు ఆ ఉన్ని పనికిరాలేదు. అచ్చట నూలు ఖాకీయే సాగినది. బర్మా అడవులలో దానికి బదులు ఆకుపచ్చ దుస్తులు వచ్చినవి.