లెక్కకు రాని బిడ్డ

“కడుపుకోత” అను మాటను తెలుగువారికి వివరింపనక్కరలేదు. నిఘంటువులలో “మృతవత్స” అను సంస్కృతపదము కూడ ఉన్నది గాని, అందు తల్లి దుఃఖము వినబడదు. ఆమెయందేదో దోషమున్నట్లు తోచును. తెలుగు మాటయే మేలు. అయితే ఎదిగిన కొడుకు పోయినప్పుడు ఊరంతయు కడుపుకోత అనును. పురిటిలో పోయిన బిడ్డకు ఆ మాటను కూడ మనము ఈయము. “గుడ్డు దక్కలేదు” అని ఊరకుందుము.

ఈ పొదుపునకు వెనుక ధర్మశాస్త్రమున్నది. రెండేండ్లు నిండని బిడ్డకు దహనము, ఉదకదానము అక్కరలేదనియు, అలంకరించి ఊరి వెలుపల శుచియైన నేలలో ఉంచవలెననియు మనుస్మృతి ఐదవ అధ్యాయము చెప్పుచున్నది. పసివారు తరచుగా పోవు కాలమున ఆ సడలింపు దయతో చేసినదే కావచ్చును. కాని దానితో పది దినములు పోయినవి. పదిమంది వచ్చి కూర్చుండుటయు పోయినది. మా షాద్‌నగర్ చుట్టుపట్ల పల్లెలలో తండ్రియు, ఒకరిద్దరు మగవారును బిడ్డను బట్టలో చుట్టి తీసికొనిపోదురు. తల్లి మంచము మీదనే ఉండును. మూడవ నాటికి ఆమెకు పాలు పడును. త్రాగువారు లేరను సంగతి పాలకు తెలియదు. “వయసున్నదిలే బిడ్డా, మళ్ల పుట్టరా” అని పొరుగింటి అవ్వ ఓదార్చును. ఆ మాటలో కీడు లేదు. కాని పోయిన బిడ్డ ఊసు అంతటితో మూతపడును.

ఆ ఓదార్పు ఎంత చాలనిదో భాగవతము ఎరిగినవారికి తెలియును. కంసుడు చంపిన ఆరుగురు శిశువులను దేవకి మరువలేదు. గురువైన సాందీపనికి చనిపోయిన కుమారుని బలరామకృష్ణులు తెచ్చి ఇచ్చిరని విని, తన బిడ్డలను కూడ ఒకసారి చూపుమని కోరినది. అప్పటికి కృష్ణునికి మనుమలున్నారు. ఇన్నేండ్లకు ఈ కన్నీరేమని ఆయన అనలేదు. “నేను లేనా అమ్మా” అనియు అనలేదు. సుతలమునకు పోయి, బలిచక్రవర్తి యొద్దనుండి ఆరుగురిని తెచ్చి తల్లికిచ్చినాడు. ఆమె ఒడిలోనికి తీసికొని పాలిచ్చినది. తరువాత వారు దేవలోకమునకు పోయినారు. దశమస్కంధము చెప్పునప్పుడు మనము ఈ ఘట్టమును మహిమగా చెప్పి దాటిపోదుము. నాకు మాత్రము ఇందు కృష్ణుని మహిమకంటె దేవకి జ్ఞాపకమే పెద్దదిగా కనబడును.

నేడు పలుదేశముల ఆసుపత్రులలో తల్లిదండ్రులు కోరినచో చనిపోయిన శిశువును ఎత్తుకొననిత్తురు, పేరు పెట్టుకొననిత్తురు, చిన్ని పాదముల ముద్రను కాగితముపై తీసి ఇత్తురు. కోరినచో అనుట ముఖ్యము.

విచిత్రమేమనగా, మనము లెక్కింపని బిడ్డను చట్టము లెక్కించినది. 1969 నాటి జననమరణముల నమోదు చట్టము “జననము” అను మాటలోనే మృతజననమును చేర్చినది. 1961 నాటి ప్రసూతి సౌకర్యాల చట్టము చనిపోయి పుట్టిన బిడ్డను కూడ “బిడ్డ”గానే ఎంచినది. గర్భస్రావమైనచో ఆరువారముల వేతనపు సెలవున్నది. పుట్టిన బిడ్డ వెంటనే పోయినను, చనిపోయి పుట్టినను, తల్లి మనసునకు తగులు దెబ్బను గుర్తించి, కొన్ని నిబంధనలతో 60 దినముల ప్రత్యేక సెలవును కేంద్రప్రభుత్వము తన ఉద్యోగినులకు 2022 సెప్టెంబరులో ఇచ్చినది. పత్తిచేలకు కూలికి పోవు తల్లికి ఏ చట్టమును సెలవీయదు. తండ్రి సంగతి ఎవరును తలపెట్టలేదు.

2020 నాటి లెక్కలలో తెలంగాణలో పుట్టిన వేయిమందిలో ఇరువదియొక్కరు ఏడాది నిండకుండ పోయినారు. వెనుకటి కంటె ఇది చాల తక్కువ. కాని తగ్గినకొలది ఆ ఇల్లు ఒంటరిదగుచున్నది. పూర్వము ప్రతి వాడలో అట్టి తల్లి మరియొకతె ఉండెడిది.

మన బడులలోనే చూడుడు. సెలవు ముగిసి వచ్చిన ఉపాధ్యాయినికి ఏమి చెప్పవలెనో తెలియక ముఖము తప్పించుకొందుము. “బిడ్డకేమి పేరనుకొన్నారమ్మా?” అని అడిగినచో ఆమె ఏడ్వవచ్చును, ఏడ్వనిండు. భర్తతో “ఆమెను జాగ్రత్తగా చూచుకొనుము” అందుము, అతనిని చూచువారెవరు? వారముల తరబడి నిద్రాహారములు లేకున్నచో టెలిమానస్ 14416 సంఖ్యకు ఫోను చేయవచ్చును. ఖర్చులేదు, తెలుగులో మాటలాడుదురు. ఇక ఆరవ తరగతి పిల్లవాడు “మా కుటుంబము” అను వ్యాసములో తనకు ఇద్దరు చెల్లెండ్రని వ్రాసి, ఇంటిలో ఒకతెయే ఉన్నచో, ఎర్రసిరా పెట్టకముందు వానిని దగ్గరకు పిలిచి ఆ రెండవ చెల్లెలిని గూర్చి అడుగుడు.