గొలుసు రంపం ఉమ్మడిగా ఉండవచ్చునా?

పిల్లలూ! మీ ఇంట్లో నిచ్చెనతో ఏడాదికి ఎన్నిసార్లు పని పడుతుంది? ఇటువంటి వస్తువులు ఇంటింటా కొనటం దేనికని అమెరికాలోని బర్క్‌లీ నగర గ్రంథాలయం 1979లో పుస్తకాలతోపాటు పనిముట్లు కూడా అరువు ఇవ్వసాగింది. నలుగురూ కలిసి నడుపుకునే ఉమ్మడి పనిశాలలు కూడా పలుదేశాలలో ఉన్నవి. అక్కడ సుత్తి ఉండవచ్చును, బర్మా ఉండవచ్చును. మరి గొలుసు రంపం?

దీన్నే చైన్‌సా అంటారు. ఇంజను తిప్పితే, పళ్లున్న గొలుసు ఒక పొడుగాటి పట్టీ చుట్టూ సెకండుకు సుమారు 20 మీటర్ల వేగంతో పరుగెత్తుతుంది. ఆ పళ్ల కథ తమాషా అయినది. అమెరికాలో జోసెఫ్ కాక్స్ అనే ఆయన, కొయ్యను తొలిచే పురుగొకటి మోడును నిలువుగానూ అడ్డంగానూ ఒకే సులువుతో కొరకటం చూశాడు. దాని దవడలను పోలిన పళ్లు చేసి 1947లో అమ్మకానికి పెట్టాడు. నేటి గొలుసులు చాలావరకు వాటి సంతతే.

2014లో హుద్‌హుద్ తుపానుకు విశాఖపట్నంలో చెట్లు కూలి దారులు మూసుకుపోయినప్పుడు ఇటువంటి రంపాలు ఎంతో అక్కరకు వచ్చినవి. కనుక ఉపయోగం సంగతిలో తగవు లేదు.

చిక్కు మరొకటి. పట్టీ కొన పైఅంచు కొయ్యకు తగిలితే రంపం రెప్పపాటులో మనిషి ముఖం మీదికి ఎగురుతుంది. పళ్లు మట్టికి తగిలితే మొద్దుబారతవి. అప్పుడు మనిషి బలంకొద్దీ నొక్కుతాడు, పట్టు తప్పుతాడు. నిన్న దాన్ని ఎవరు దేనికి తగిలించారో, ఇవాళ అరువు తీసుకున్నవాడికేం తెలుసు?

వాడకం నేర్పి, ప్రతిసారీ ఆకురాయితో పళ్లకు పదునుపెట్టే మనిషి, శిరస్త్రాణం, గొలుసుకు పోగులు చుట్టుకుని దాన్ని నిలిపివేసే ప్రత్యేకమైన లాగు, ఇవన్నీ ఉంటేనే పనిశాల దాన్ని కొనాలంటాను. లేకపోతే ఇద్దరు లాగే పాత రంపం చాలు. పెద్ద చెట్టు పడిన రోజున పని తెలిసినవాడిని పిలిస్తే, తన రంపం తానే తెచ్చుకుంటాడు.