పొర వేయడం తేలికే... కడగడమే కష్టం!

బంగారాన్ని 15 నానోమీటర్ల నలుసులుగా నీళ్లలో పుట్టిస్తే అది పసుపు పచ్చగా ఉండదు, కెంపులా మెరుస్తుంది. అందులో కాస్త ఉప్పు వేసి చూడండి, ఎరుపు పోయి నీలం తిరుగుతుంది. నలుసులు ఒకదానికొకటి అంటుకుని ముద్దకట్టాయన్నమాట. అంతవరకూ వాటిని విడివిడిగా ఉంచింది పైనున్న సిట్రేటు పూత, దాని రుణావేశం. ఉప్పు ఆ వికర్షణను నీరుగార్చింది. నానోకణాలతో పనిచేసేవాళ్ల తలనొప్పుల్లో సగం ఈ ముద్ద గురించే.

మందు మోసే నానోకణాన్ని ఒంట్లోకి ఎక్కిస్తే, దాని లోపల ఏముందో రక్తానికి అనవసరం. దానికి తగిలేది పైపూతే. అందుకే పూతకు ఇంత హడావుడి.

ఆవేశాలను ఆసరా చేసుకుని పొర మీద పొర వేయవచ్చని 1966లోనే డ్యూపాంట్ కంపెనీ రసాయన శాస్త్రవేత్త రాల్ఫ్ ఐలర్ చూపించాడు. 1990ల మొదట్లో గేరో డెషర్ పాలిమర్లతో ఆ పద్ధతికి కొత్త ఊపిరి పోశాడు. గాజుపలకను ధనావేశమున్న పాలిమర్‌లో ముంచాలి, కడగాలి. రుణావేశమున్న దాంట్లో ముంచాలి, మళ్లీ కడగాలి. ఇందులో అసలు తమాషా ఏమిటంటే, అంటుకునే పాలిమర్ కింది ఆవేశాన్ని సరిపెట్టి ఊరుకోదు, దాటిపోతుంది. దాంతో ఉపరితల ఆవేశం గుర్తు తిరగబడుతుంది. అదే పాలిమర్ ఇక అంటదు, వ్యతిరేకమైనది అంటుతుంది. ఇంత చవకైన విద్య రసాయనశాస్త్రంలో అరుదు.

1998లో ఫ్రాంక్ కరూసో బృందం జర్మనీలో ఇదే పద్ధతితో 640 నానోమీటర్ల పాలీస్టైరీన్ గోళాల మీద సిలికా, పాలిమర్ పొరలు వేసి, లోపలి ప్లాస్టిక్‌ను కాల్చేసి బోలు గోళాలు మిగిల్చింది.

కణం ఇంకా చిన్నదైతే చిక్కులు మొదలవుతాయి. బంగారం మీద ముందు గంధకం తోకున్న ఆమ్లాన్ని నాటుతారు. గంధకం బంగారాన్ని గట్టిగా పట్టుకుంటుంది, పైకి తేలిన ఆమ్లం కొస రుణావేశాన్ని నిలుపుతుంది. దాని మీద పాలిమర్ వేయడం తేలికే. మిగిలిపోయిన పాలిమర్ సంగతేమిటి? గాజుపలకనైతే పట్టకారుతో ఎత్తి కడుగుతాం, నలుసునెలా ఎత్తుతాం? కడగకపోతే తర్వాతి పాలిమర్ వచ్చి కణాన్ని వదిలేసి ఆ మిగులుతోనే చుట్టుకుంటుంది. పాలిమర్ చాలకపోయినా చిక్కే, ఒకే గొలుసు రెండు కణాలను కట్టేస్తుంది. కాబట్టి సెంట్రిఫ్యూజ్‌లో తిప్పి అడుగుకు దించి, పైనీళ్లు పారబోసి, మళ్లీ చెదరగొట్టాలి. ఎక్కువ తిప్పితే అడుగున గడ్డకట్టి విడిపోవు. ప్రతి పొరకూ కొంత సరుకు పోతుంది. పొర పడిందో లేదో కణం ఉపరితల ఆవేశాన్ని సూచించే జీటా పొటెన్షియల్ చెబుతుంది: ప్లస్, మైనస్, ప్లస్.

మసాచుసెట్స్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీలో పౌలా హామండ్ బృందం ఈ కడుగుడునే తప్పించే దారి పట్టింది. సన్నటి కాలువల్లో కణాలు పారుతుండగా ఒక్కో పాలిమర్‌ను సరిగ్గా కావలసినంతే కలుపుతారు. మిగులే లేకపోతే కడగాల్సిన పనేముంది? అండాశయ క్యాన్సర్ కోసం, రోగనిరోధక వ్యవస్థను ఉసిగొల్పే ఇంటర్‌ల్యూకిన్-12 అనే ప్రొటీన్‌ను మోసే కణాలను ఇలాగే చేశారు. పాత పద్ధతిలో గంట దాకా పట్టే 15 మిల్లీగ్రాములు కొద్ది నిమిషాల్లో తయారయ్యాయి.