అన్‌ఫ్రెండ్... ఏడొందల ఏళ్ల మాట!

ఫేస్‌బుక్‌లో ఒక్క క్లిక్కుతో అయిపోయే పని అది. కానీ ఒకప్పుడు స్కాట్లండ్‌లో ‘అన్‌ఫ్రెండ్’ అంటే సాక్షాత్తూ శత్రువే. ఆ శత్రుత్వానికి కత్తులుండేవి, కాగితాలుండేవి, రాజీకి ఓ దారీ ఉండేది.

పెళ్లికి పిలవలేదనో, ఫొటో కింద వంకర కామెంట్ పెట్టారనో కోపమొచ్చిందనుకోండి. ఫోన్ తీసి ఆ మనిషిని ‘అన్‌ఫ్రెండ్’ చేసేస్తే సరి! ఆ సంగతి అవతలివాళ్లకు ఫేస్‌బుక్ కబురు కూడా పెట్టదు. 2009లో న్యూ ఆక్స్‌ఫర్డ్ అమెరికన్ డిక్షనరీ ఈ మాటనే ఆ ఏటి మేటి పదంగా ఎంపిక చేసింది. దాంతో ఇదేదో కంప్యూటర్ కుర్రాళ్లు పుట్టించిన పదమనుకున్నారు చాలామంది. కాదు. ‘స్నేహం తెంచుకోవడం’ అనే అర్థంలో థామస్ ఫుల్లర్ అనే ఇంగ్లిష్ మతాచార్యుడు 1659లోనే ఓ ఉత్తరంలో దీన్ని వాడాడు. ఇక ‘శత్రువు’ అన్న అర్థంలోనైతే 13వ శతాబ్దపు రాతప్రతిలోనే కనిపిస్తుంది. తర్వాత దాన్ని ఎక్కువకాలం అట్టిపెట్టుకున్నది స్కాట్లండ్ ప్రజలు మాట్లాడే స్కాట్స్ భాష.

చుట్టం కానివాడు

ఇంగ్లిష్‌కు తోబుట్టువులాంటి భాష స్కాట్స్. 2011 జనాభా లెక్కల్లో 15 లక్షల మందికిపైగా అది తమకు వచ్చని చెప్పారు. అందులో శత్రువుకు ‘ఫే’ అనే మాట ఉంది. ఇంగ్లిష్‌లోని ‘ఫో’కు అది జోడీ. దాని పక్కనే ‘అన్‌ఫ్రీండ్’ కూడా ఉంది. ఒకే అర్థానికి రెండు మాటలెందుకంటే, కీలకమంతా ‘ఫ్రీండ్’లోనే ఉంది. పాత స్కాట్స్‌లో ఆ మాటకు స్నేహితుడనే కాదు, చుట్టమనీ అర్థం. అంటే అన్‌ఫ్రీండ్ మనకు చుట్టమూ కాడు, మన మంచి కోరేవాడూ కాడు. రేపు గొడవ జరిగితే మన పక్షాన నిలబడడు.

నిలబడేవాళ్లెవరన్నది అక్కడ ప్రాణాల మీది ప్రశ్న. 15, 16 శతాబ్దాల్లో పెద్ద ప్రభువులకూ చిన్న భూస్వాములకూ మధ్య ‘మాన్‌రెంట్’ అనే ఒప్పంద పత్రాలు నడిచేవి. ప్రభువు రక్షణ ఇస్తాడు. కింది మనిషి తగాదాల్లో ప్రభువు వెంట నడుస్తాడు. రాజుకు తప్ప మరెవరికైనా ఎదురు నిలుస్తానని మాటిస్తాడు. అలాంటి పత్రాలు వందల సంఖ్యలో నేటికీ మిగిలి ఉన్నాయి. మిత్రులెవరో కాగితం మీదే తేలిపోయాక, మిగతావాళ్లు ఏమవుతారో వేరే చెప్పాలా!

పగ తీరే దారి

హత్య జరిగితే రెండు వంశాల మధ్య పగ రగిలేది. దాన్ని ‘ఫీడ్’ అనేవారు. అయితే దాన్ని చల్లార్చే పద్ధతి కూడా ఉంది. చంపినవారు మృతుడి బంధువులకు పరిహారం కట్టాలి. దాని పేరు ‘అసైత్‌మెంట్’. అది అందాక బంధువులు ‘మాకిక పగ లేదు’ అని లిఖితపూర్వకంగా క్షమాపత్రం రాసిచ్చేవారు. పోయిన ప్రాణం తిరిగి రాకపోయినా, ఇంకో ప్రాణం పోకుండా ఆగేది. పగలను రాజు దగ్గరి విచారణకు తేవాలంటూ ఆరో జేమ్స్ 1598లో చట్టం తెచ్చాడు. అసైత్‌మెంట్ మాత్రం చట్టంలో 1976 దాకా మిగిలే ఉంది!

అన్ని కథలూ రాజీతో ముగియలేదు. 1603లో గ్లెన్ ఫ్రూయిన్ దగ్గర మెక్‌గ్రెగర్‌లకూ కల్‌హూన్‌లకూ పెద్ద పోరు జరిగింది. కల్‌హూన్‌ల వైపు చాలామంది చనిపోయారు. దాంతో మెక్‌గ్రెగర్ అన్న పేరునే ప్రభుత్వం నిషేధించింది. ఆ పేరు పెట్టుకుంటే మరణశిక్షే. ఒక మనిషిని కాదు, ఓ వంశం మొత్తాన్నీ అన్‌ఫ్రెండ్ చేయడమన్నమాట! మధ్యలో కొంతకాలం సడలించి మళ్లీ విధించిన ఆ నిషేధం పూర్తిగా తొలగింది 1774లో.

మన భాషలో...

శత్రువును ‘మిత్రుడు కానివాడు’ అనడం ఒక్క స్కాట్లండ్ ఆలోచనే కాదు. సంస్కృతంలో ‘అమిత్రుడు’ అంటే శత్రువే. ఇంగ్లిష్‌లోని ‘ఎనిమీ’ లాటిన్ ‘ఇనిమికస్’ నుంచి వచ్చింది. దానర్థమూ ‘స్నేహితుడు కానివాడు’ అనే. స్వీడన్‌లో ఇద్దరికి చెడితే నేటికీ ‘ఊవెన్’ అయ్యారంటారు. అదీ అంతే.

తెలుగుదే కాస్త చేదు దారి. ‘దాయ’ అంటే మన నిఘంటువుల్లో జ్ఞాతి అనీ ఉంది, శత్రువు అనీ ఉంది. స్కాట్లండ్‌లో చుట్టం కానివాడు శత్రువైతే, మనకు పొలం గట్టు పంచుకున్న అన్నదమ్ముల బిడ్డే శత్రువయ్యాడు. ఆస్తి ఉన్నచోటే తగాదా మరి! ఇంతకీ అన్‌ఫ్రెండ్‌కు దగ్గరగా వచ్చే మాట మన ఊళ్లలో ఉండనే ఉంది. ‘వాళ్లకూ మాకూ రాకపోకల్లేవు’ అంటారు చూడండి, అదే. పూర్తి పగ కాదు, స్నేహమూ కాదు.

అయితే రాకపోకల్లేని ఇంటికి కూడా చావుకబురు వెళ్తుంది. ఆ రోజు గుమ్మం తొక్కినవాళ్లను ఎవరూ పొమ్మనరు. పెద్దమనుషులు కూర్చోబెట్టి మాట్లాడితే మరుసటి పండక్కి పిలుపులూ మొదలవుతాయి. స్కాట్లండ్‌లో ఆ పని క్షమాపత్రం చేసింది. ఫోన్‌లోని అన్‌ఫ్రెండ్‌కు అలాంటి పెద్దమనిషి లేడు. తెంచడానికి ఒక్క క్లిక్కు చాలు. కలవాలంటే మాత్రం ఎవరో ఒకరు మళ్లీ రిక్వెస్ట్ పెట్టాలి. అంటే, ముందు ఒకరు తగ్గాలి. ఏడొందల ఏళ్లలో ఆ ఒక్కటీ మారలేదు.