జవాబు వస్తేనే అది మన లేఖ

ప్రతి ఆదివారం మా వారపు లేఖ హోసూరు, కోలారు, షోలాపూర్, బరంపురం, యానాం వైపు తెలుగు ఇళ్లకు ఈమెయిల్‌లో వెళ్తుంది. మొదట్లో వెళ్లడమే గానీ తిరిగి ఏమీ వచ్చేది కాదు. చదివేవాళ్లు ఉన్నారు, కానీ వాళ్లకు ఒకరి సంగతి ఒకరికి తెలియదు. లేఖ కింద అందరూ మాట్లాడుకునే చర్చ మొదలుపెట్టాకే ఆ పరిస్థితి మారింది. మీ ఊరి తెలుగు సంఘం కూడా ఇలాంటి లేఖ నడుపుతుంటే పనికొస్తుందని, మేం నేర్చుకున్నది ఇక్కడ రాస్తున్నాం.

ఇది మనకు కొత్త కాదు

మద్రాసు నుంచి వెలువడిన 'చందమామ'లో ఫోటో వ్యాఖ్యల పోటీ చాలామందికి గుర్తుండే ఉంటుంది. రెండు ఫోటోలు వేసి, వాటికి వ్యాఖ్యలు పంపమని పాఠకులను అడిగేవారు. 'ఆంధ్రప్రభ' వారపత్రికలో మాలతీ చందూర్ నడిపిన 'ప్రమదావనం' దశాబ్దాల పాటు పాఠకుల ప్రశ్నల మీదే సాగింది. పత్రిక తమను అడుగుతోంది, తమ మాట వింటోంది అనిపిస్తే పాఠకులు దాన్ని సొంతం చేసుకుంటారు. అప్పుడు ఆ పని పోస్టు చేసేది, ఇప్పుడు ఫోను చేస్తోంది.

ప్రశ్న చిన్నదిగా ఉండాలి

మేం మొదట అడిగిన ప్రశ్న 'మన భాష భవిష్యత్తు ఏమిటి?' వచ్చినవి రెండు మూడు పొగడ్తలే. తర్వాత 'రాగులను మీ ఇంట్లో ఏమంటారు?' అని అడిగాం. హోసూరు, కోలారు ఇళ్లు 'రాగులు' అన్నాయి. బరంపురం వైపు నుంచి 'చోళ్లు' వచ్చింది, అది ఉత్తరాంధ్ర మాట. తెలంగాణ నుంచి వలస వెళ్లిన నేత కుటుంబాలున్న షోలాపూర్ నుంచి 'తైదలు' వచ్చింది. ఆ ఒక్క ధాన్యం పేరు ఏ ఇల్లు ఏ దారిన వచ్చిందో చెప్పేసింది. అందరూ జవాబు చెప్పగలిగిన ప్రశ్న, ప్రతి ఇంటా వేరే జవాబు ఉన్న ప్రశ్న, అదే మంచి ప్రశ్న. వారానికి ఒకటి చాలు.

ఏ లిపైనా సరే

మన పిల్లల్లో చాలామంది తెలుగు మాట్లాడతారు, చదవలేరు. తమిళనాడులో 2006 నాటి చట్టంతో తమిళం తప్పనిసరి పాఠమైంది. మిగతా చోట్ల కూడా తెలుగు బడి అందరికీ అందుబాటులో లేదు. ప్రాథమిక స్థాయిలో మాతృభాషలో చదువు చెప్పే వసతి కల్పించాలని రాజ్యాంగం 350ఎ అధికరణం చెబుతున్నా, లిపి రాని తరం ఇప్పటికే పెరిగి పెద్దదైంది. వాళ్లను బయట నిలబెట్టి చర్చ పెట్టుకుంటే లాభం లేదు. అందుకే కన్నడ, తమిళ, ఒడియా, దేవనాగరి, ఏ లిపిలో రాసినా తీసుకుంటాం. గొంతు రికార్డు చేసి పంపినా సరే. మాలో ఒకరు దాన్ని తెలుగు లిపిలోకి మార్చి, అసలుదాని పక్కనే పెడతారు. అలా చూస్తూ చూస్తూ కొందరు అక్షరాలు గుర్తుపట్టడం మొదలుపెట్టారు.

తప్పులు దిద్దవద్దు

ఒకసారి ఒక అమ్మ తన ఇంటి యాసలో నాలుగు మాటలు రాశారు. 'ఇది సరైన తెలుగు కాదు' అని ఇంకొకరు దిద్దారు. ఆమె మళ్లీ రాయలేదు. ఆ మాటను మేం వెంటనే ఆపి ఉండాల్సింది. మాకు అన్నిటికంటే ఎక్కువ నష్టం కలిగించింది అదే. ఇప్పుడు మొదటి నియమం: అర్థం అడగొచ్చు, యాసను దిద్దకూడదు. కులం, పార్టీ తగాదాలు వద్దు. ఫోన్ నంబర్లు కనిపిస్తే తీసేస్తాం. చర్చను చూసుకోవడానికి వేర్వేరు రాష్ట్రాల వాళ్లు ఇద్దరుంటే ఒక ఊరి మాటే చెల్లుబాటు కాకుండా ఉంటుంది.

జవాబుకు జవాబు

మొదటిసారి రాసినవారికి ఆ రోజే పలకాలి. బుధవారానికి చర్చ ముగించి, మంచి జవాబులను రాసినవారి అనుమతితో తర్వాతి లేఖ మొదట్లోనే వేయాలి. తమ అవ్వ మాట అచ్చులో చూసుకున్న ఇల్లు ఆ లేఖను పదిమందికి పంపుతుంది.

ఈ వారం ప్రశ్న: మీ ఇంట్లో పెద్దవాళ్లు వాడుతూ, పిల్లలు మరిచిపోయిన మాట ఏది? ఇంట్లో అడిగి రాయండి. అవ్వతోనే చెప్పించి రికార్డు చేసి పంపితే ఇంకా సంతోషం.